డీజిల్ లీటరు, కూలీ రోజు: విడవలూరు మండలంలో ఒక కుటుంబం లెక్క

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రం వైపున్న ఒక ఊళ్లో ఐదెకరాల వరి, నాలుగెకరాల రొయ్యల గుంట చేసే కుటుంబం ఇది. గుంటకు వచ్చే కరెంటు బిల్లు, జనరేటర్ డీజిల్ ఖర్చు తగ్గే దారి చూడమని కొడుకు నన్ను పిలిచాడు. బిల్లులు ముందేసుకుని కూర్చుంటే పక్కనున్న తండ్రి అడిగాడు: "ఒకప్పుడు కూలోళ్లకు పోసేవాళ్లం, ఇప్పుడు కరెంటుకీ డీజిలుకీ పోస్తుండాం. రెంటికీ తేడా ఏందయా? మనుషుల్నే పెట్టుకునుంటే ఆ డబ్బు ఊళ్లోనే ఉండేది గదా?"

నేను ఎనర్జీ ఆడిటర్‌ని, కరెంటూ ఇంధనమూ ఎక్కడ ఎంత పోతోందో లెక్కగడతాను. రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు నా మామూలు పని. అక్కడ అందరికీ కావలసింది బిల్లు ఎంత తగ్గుతుందన్నదే. పెద్దాయన అడిగింది అంతకంటే పెద్ద విషయం. ఇంధనం చేసే పనినీ మనిషి చేసే పనినీ ఒకే కొలతలో పెడితే తప్ప ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. అందుకని ఈ ఆడిట్‌లో ప్రతి లీటరునూ ప్రతి యూనిట్‌నూ కూలీ రోజుల్లోకి మార్చి రాశాను. బిల్లు తగ్గించే పని కూడా చివరికి ఆ లెక్కలోంచే తేలింది.

కొలతలు

ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజంతా ఆగకుండా పనిచేస్తే కండబలం సగటున 75 వాట్ల దగ్గర నిలబడుతుంది. ఎనిమిది గంటలకు 0.6 యూనిట్ (కరెంటు మీటరులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంట సేపు). కాసేపు పరిగెత్తినప్పుడో బస్తా ఎత్తినప్పుడో ఇంతకు ఎన్నో రెట్లు వస్తుంది, కానీ సాయంత్రం దాకా నిలవదు. కాబట్టి ఈ కేసులో ఒక కూలీ రోజు అంటే 0.6 యూనిట్.

లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. ఇంజిన్ అందులో 30 శాతాన్ని చక్రం తిప్పే పనిగా మారుస్తుంది, మిగతాది పొగ గొట్టంలోంచీ రేడియేటర్‌లోంచీ పోతుంది. అంటే లీటరుకు 3 యూనిట్ల పని, ఐదు కూలీ రోజులు. మా దగ్గర ఆడామగా కలిపి కూలీ సగటున 600 రూపాయలు అనుకుంటే ఐదు రోజులకు 3,000. లీటరు డీజిల్ వందకు కాస్త తక్కువ. తేడా ముప్పై రెట్లు.

కరెంటు దగ్గర తేడా ఇంకా ఎక్కువ. యూనిట్ పది రూపాయలనుకున్నా, ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కండలు కరిగించి చేసే పని ఖరీదు 6 రూపాయలు దాటదు. ఈ అంకె చెప్పినప్పుడు పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. నేను కూడా ఈ అంకెను తేలిగ్గా చెప్పను. మనిషి విలువ 6 రూపాయలని దీని అర్థం కాదు. మనిషిని మోటారు చేసే పనికి పెడితే మోటారు ముందు అతనికి దక్కేది అంతేనని అర్థం.

మనిషి ఒళ్లు కూడా ఇంజినే, అదేమీ నాసిరకం ఇంజిన్ కాదు. రోజుకు 2,600 కేలరీల తిండి అంటే సుమారు 3 యూనిట్లు. అందులోంచి 0.6 యూనిట్ పని వస్తోంది, అంటే 20 శాతం. పొలంలో తిరిగే డీజిల్ ఇంజిన్‌తో పెద్ద తేడా లేదు. మరి ధరలో ముప్పై రెట్ల తేడా ఎక్కడిది? కూలీ డబ్బులో ఆ రోజు తిండి ఒక్కటే లేదు. పని దొరకని రోజు తిండి, పిల్లల చదువు, అమ్మానాన్నల మందులు, ఇంటి అద్దె, ముసలితనం అన్నీ ఆ 600 లోంచే రావాలి. డీజిల్‌కు ఇవేవీ లేవు. కోట్ల ఏళ్ల కిందటి ఎండ భూమి లోపల నిల్వ ఉంటే, మనం కట్టేది దాన్ని తోడిన ఖర్చు, ఓడలో తెచ్చిన ఖర్చు, శుద్ధి చేసిన ఖర్చు, పైన పన్నులు. అది తయారైనందుకు ఎవరూ ఏమీ కట్టలేదు. బంకులో కట్టే డబ్బులోంచి పన్నులు తీసేసి చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

వరి: తగ్గిన ఖర్చు ఎటు పోయింది

ముందు దమ్ము. ఈ కుటుంబానికి ఒకప్పుడు రెండు జతల ఎద్దులుండేవి. మంచి ఒంగోలు జత కలిసి లాగితే ఒక హార్స్‌పవర్ అటూ ఇటూ. కయ్య (వరి మడి) దమ్ము చేసి చదును తీయడానికి ఎకరాకు ఐదారు రోజులు పట్టేదని పెద్దాయన గుర్తు చేసుకున్నాడు. ఇప్పుడు 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ దమ్ము చక్రాలతో దిగి మూడు గంటల్లో గట్టెక్కుతోంది. డీజిల్ పది లీటర్లు. (ఇక్కడి నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరిన ఆ జాతిని అక్కడ ఇప్పటికీ మన జిల్లా పేరుతో నెలోర్ అనే పిలుస్తారు. మన దగ్గర ఆ ఎద్దులు ఎక్కువగా బండలాగుడు పోటీల్లోనే కనబడుతున్నాయి.)

ఎద్దులు పోవడం వల్ల మిగిలింది సమయం ఒక్కటే కాదు. వాటి మేతకు వదిలిన భూమి పంటకు వచ్చింది, ఏడాది పొడవునా వాటి వెనక ఉండే మనిషికి ఆ పని తప్పింది. ఎద్దు పని లేని రోజు కూడా తింటుంది. ట్రాక్టర్ ఆపేస్తే తాగదు. ఇంజిన్‌కున్న ఈ సుఖాన్ని మనం లెక్కల్లో తక్కువగా రాసుకుంటాం.

కోత దగ్గర లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. చేత్తో కోసి, కట్టలు కట్టి, మోసి, కుప్పేసి, నూర్చి, తూర్పారబట్టడానికి ఎకరాకు 20 మంది అటూ ఇటూ పట్టేది. పని లెక్కలో 12 యూనిట్లు. ఇప్పుడు తడి కయ్యల్లో చైన్ మిషన్ (చక్రాల బదులు చైన్ బెల్టు మీద నడిచే వరికోత యంత్రం) దిగుతోంది. ఎకరాకు గంట పైన, డీజిల్ 8 లీటర్లు. అంటే 80 యూనిట్ల వేడి, 30 శాతం లెక్కన 24 యూనిట్ల పని. శక్తి పరంగా చూస్తే మిషనే దుబారా, మనుషులు 12 యూనిట్లతో చేసే పనికి రెట్టింపు ఖర్చు చేస్తోంది. రూపాయల్లో మాత్రం అటు 12,000, ఇటు 780 రూపాయల డీజిల్. ఇంత దుబారా చేసినా లాభమే మిగలడం చూస్తే ఇంధనం ఎంత చవగ్గా దొరుకుతోందో అర్థమవుతుంది.

డీజిల్ 780 అయినా రైతు కట్టేది అంతే కాదు. మిషన్ బాడుగ ఎకరాకు దాదాపు 4,000 పడుతోంది. అందులో యజమాని కట్టే బ్యాంకు వాయిదా, డ్రైవర్ జీతం, బెల్టులు, బ్లేడ్లు, తమిళనాడు వైపు నుంచి మిషన్ తోలుకొచ్చిన లారీ ఖర్చు ఉన్నాయి. అన్నీ పోను రైతుకు ఎకరాకు 8,000 మిగలాలి. మిగిలిందా అని అడిగాను. ఐదెకరాల్లో రెండెకరాలే వాళ్ల సొంతం, మూడు కౌలు. మిషన్లు వచ్చాక ఈ చుట్టుపక్కల కౌలు ఎకరాకు పావు పుట్టి పెరిగిందని కొడుకు చెప్పాడు. మన పుట్టి 850 కిలోలు, పావు పుట్టి 212 కిలోలు. క్వింటా 2,300 చొప్పున దాదాపు 4,900 రూపాయలు. కౌలు పెరగడానికి ఇదొక్కటే కారణమని నేను అనను. అయితే కోత ఖర్చు తగ్గిన సంగతి భూమి యజమానికి కూడా తెలుసు, బేరం ఆడేటప్పుడు ఆ సంగతి గుర్తుంటుంది. సొంత రెండెకరాల్లో 8,000 పూర్తిగా ఈ కుటుంబానికి దక్కింది, కౌలు మూడెకరాల్లో సగానికి పైగా భూమి యజమానికి పోయింది. ఇంధనం సంపద సృష్టిస్తుందా అంటే సృష్టిస్తుంది. అది ఎవరి చేతికి పోతుందో డీజిల్ తేల్చదు, కౌలు కాగితం తేలుస్తుంది. ఈ జిల్లాలో వ్యవసాయ ఖర్చుల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి ఎక్కువగా వదిలేస్తారు. కౌలు రైతు విషయంలో అది వదిలేస్తే మిగతా లెక్క ఎంత బాగా వేసినా తప్పుదోవే పట్టిస్తుంది.

అవతలి వైపు 20 మంది కూలీలున్నారు. కోతల సీజన్‌లో ఎకరాకు వాళ్ల చేతికి వచ్చే 12,000 పోయింది, అందులో మిషన్ బాడుగ ఊరు దాటింది. పెద్దాయన అన్నదాంట్లో ఈ సగం నిజం. ఈ కుటుంబానికి నాట్లు వేసే ముఠా మేస్త్రమ్మతో మాట్లాడాను. "కోతలు మిషన్‌కు పోయినాయి సార్. నాట్లు మాత్రం ఇంకా మాయే. కానీ మా పిల్లకాయలు ఎవరూ నడుం వంచరు, మాతోనే ఆఖరు" అంది. ఆమె ముఠాలో కొందరు ఇప్పుడు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతున్నారు, కిలో లెక్కన కూలి. కోత పని పోయినందుకు వాళ్లకు బాధ ఉంది. ఎండలో వంగి కోసే పని మళ్లీ కావాలా అంటే మాత్రం ఎవరూ కావాలనలేదు. రెండూ నిజాలే, ఒకదాని కోసం ఇంకోదాన్ని దాచకూడదు.

నాట్లు ఎందుకు మిగిలాయో చూడండి. నారు తీసి గుచ్చడానికి కావలసిన బలం చాలా తక్కువ. బురదలో కుదురు నిలబడేంత లోతు వేలికి తెలియాలి, బలహీనమైన మొక్కను కన్ను పక్కన పెట్టాలి. ఒంటికి నరకమే, కానీ నేల మీద జరిగే పనిని యూనిట్లలో కొలిస్తే పిడికెడు. బలం అవసరమైన చోట ఇంధనం మనిషిని ఇట్టే తోసేసింది. కన్నూ వేలూ అవసరమైన చోట ఇంకా తోయలేకపోయింది. గుంట దగ్గర ఈ సంగతి ఇంకా బాగా కనబడింది.

నీళ్ల సంగతి కొంచెం. రబీలో పెన్నా కాలువ నీళ్లు వాటంతట అవే పారి వస్తాయి. ఎండ సముద్రం నీటిని మబ్బుల దాకా ఎత్తి ఇస్తే మనం పల్లానికి పారించుకుంటున్నాం, ఇంధనం ఖర్చు లేదు. ఎడగారుకు (రబీ తర్వాత వేసే రెండో పంటకు) బోరు నడపాలి. ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి అంటే రెండు లక్షల లీటర్లు. 8 మీటర్ల లోతు నుంచి ఎత్తడానికి లెక్క ప్రకారం 4.4 యూనిట్ల పని, అంటే ఏతం తొక్కేవాళ్లు ఒక్క చుక్క ఒలకనీయకపోయినా ఏడు కూలీ రోజులకు పైనే. పాత రోజుల్లో బావి కింద ఎకరం వరి పెట్టడానికి జనం ఎందుకు వెనకాడేవారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు వ్యవసాయానికి 9 గంటల ఉచిత కరెంటు ఉండటంతో ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూసేవాళ్లు లేరు.

ఈ కుటుంబం ఖర్చుల పుస్తకంలో ఇంధనం కింద ఎక్కడా లేని పెద్ద ఇంధనం ఒకటుంది. యూరియా. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసి, గాలిలోని నైట్రోజన్‌తో ఎక్కువ వేడిలో, ఎక్కువ ఒత్తిడిలో కలిపి అమ్మోనియా చేసి, దాన్నుంచి యూరియా చేస్తారు. 45 కిలోల బస్తా తయారీకి పట్టే శక్తి సుమారు 30 లీటర్ల డీజిల్‌తో సమానం. రైతుకు ఆ బస్తా 266 రూపాయల 50 పైసలకు దొరుకుతోంది, మిగతాది ప్రభుత్వం భరిస్తోంది. ఎకరాకు రెండున్నర బస్తాలంటే 75 లీటర్లు. దమ్ముకూ కోతకూ రవాణాకూ కలిపి పోసిన డీజిల్ పాతిక లీటర్లు దాటలేదు. ట్రాక్టర్ చప్పుడు చేస్తుంది కాబట్టి ఇంధనమంటే అదే గుర్తొస్తుంది. వరిలో అసలు ఇంధనం చప్పుడు లేకుండా బస్తాల్లో వస్తోంది.

మొత్తం మీద ఎకరాకు కొన్న శక్తి ఎడగారు నీళ్లు కాకుండా దాదాపు 1,000 యూనిట్లు. చేతిరోజుల్లో నాట్లు, కలుపు, కోత కలిపి 40 మంది పనిచేశారనుకున్నా 24 యూనిట్లు. పండిన మూడు పుట్ల ధాన్యంలో ఉన్నది 10,000 యూనిట్లకు పైనే. ఆ పది రెట్లూ ఎండ ఇచ్చినవి. ఇంధనం చేసిందల్లా ఎండను పట్టుకోవడానికి భూమిని సమయానికి సిద్ధం చేయడం, మొక్కకు తిండి పెట్టడం. వరికి సంబంధించి నా అభిప్రాయం ఇది: ఇక్కడ ఇంధనం మనిషి చోట్లో నిలబడింది. అంతకుముందు లేని పంటను తీసుకురాలేదు.

గుంట: మనుషులతో కానే కాని పని

రొయ్యల గుంట లెక్క వేరు. నాలుగెకరాల నీటి మీద 2 హార్స్‌పవర్ ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఎనిమిది. 16 హార్స్‌పవర్ అంటే 12 కిలోవాట్లు, ఒకే సమయంలో 160 మంది ఆపకుండా తొక్కుతున్నంత పని. గంటలన్నీ కలిపితే ఎనిమిదీ రోజుకు సగటున 12 గంటలు తిరిగినట్టు తేలింది. 240 కూలీ రోజుల పని, ప్రతి రోజూ, వంద రోజుల పాటు. మీటరులో రోజుకు 200 యూనిట్లు.

ఇక్కడ "మనుషుల్నే పెట్టుకునుంటే" అన్న మాటకు తావే లేదు. రోజుకు 240 మందికి 600 చొప్పున 1,44,000 రూపాయలు. వంద రోజులకు కోటీ 44 లక్షలు. పట్టుబడి (పంట చివర గుంటలోంచి పట్టిన రొయ్యలు) 8 టన్నులు, కిలో 300 చొప్పున 24 లక్షలు. ఊరు ఊరంతా గట్టు మీదకు వచ్చి తొక్కినా ఈ గుంట ఒక్క రూపాయి మిగల్చదు. కరెంటు లేకపోతే ఈ తీరాన ఇంత సాంద్రతతో వనామీ రొయ్య లేదు, ప్రాసెసింగ్ షెడ్లు లేవు, ముఠాలోంచి అక్కడికి పోయిన ఆడవాళ్ల కొత్త పని కూడా లేదు.

ఇప్పుడు ఖర్చులు చూడండి. ఆయన బిల్లుల్లో యూనిట్‌కు సగటున 4 రూపాయలు పడింది. 20,000 యూనిట్లకు 80,000. జనరేటర్ డీజిల్ 26,000. మొత్తం లక్షా 6 వేలు. గుంట మీద ఉండే ఇద్దరు కుర్రాళ్లకు నెలకు 15,000 చొప్పున నాలుగు నెలల జీతం లక్షా 20 వేలు. 240 మంది చేసే పనికి ఏడాదిలో ఒక పంటకు పెట్టిన ఖర్చు, ఇద్దరి జీతం కంటే తక్కువ. నేను కాగితం మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాక కొడుకు కరెంటు బిల్లు గురించి గొణగడం మానేశాడు.

ఆ కరెంటు వచ్చేది కూడా ఎక్కడో దూరం నుంచి కాదు. కృష్ణపట్నం పక్కన నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు (ఇక్కడ యూనిట్ అంటే కరెంటు తీసే యంత్రం) మూడు. ఒక్క యూనిట్ పూర్తి లోడులో తిరిగినప్పుడు చేసే పనిని 75 వాట్లతో భాగిస్తే కోటి మంది దాటుతారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నెల్లూరు జిల్లా జనం 30 లక్షల లోపు. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా జిల్లా మొత్తం ఆగకుండా తొక్కినా ఒక్క యూనిట్‌లో మూడో వంతు రాదు.

ఇక జనరేటర్. లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తోంది, అంటే యూనిట్ 30 రూపాయల దగ్గర. గ్రిడ్ కరెంటుకు ఏడెనిమిది రెట్లు. అయినా కరెంటు పోయిన మరుక్షణం దాన్ని స్టార్ట్ చేయడంలో ఏ రైతూ ఆలోచించడు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి లాగేస్తాయి. తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) అన్నిటికంటే కిందికి పడుతుంది. లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల పైన ఉండాల్సింది 2 దాకా దిగితే రొయ్యలు గట్టు పక్కన తేలడం మొదలుపెడతాయి. "మూడింటికి కరెంటు పోయిందంటే గుండె పోతాది సార్, ఆ టెన్షన్ పగోడికి కూడా వద్దు" అన్నాడు కొడుకు. ఆ వేళలో ఆరు యూనిట్లకైనా అరవై యూనిట్లకైనా విలువ బిల్లులో ఉండదు, నీళ్లలో ఉన్న 8 టన్నుల్లో ఉంటుంది. ఇంధనం విలువను లీటరు ధరతో కొలిచేవాళ్లకు నేను ఈ తెల్లవారుజామునే ఉదాహరణగా చెబుతాను.

తీగలో పోతున్నది

ఆడిట్‌లో దొరికిన మొదటి లోపం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గుంట దాకా ఉన్న 200 మీటర్ల సర్వీసు తీగ. 6 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. మొదట రెండు ఏరియేటర్లున్నప్పుడు వేసింది, తర్వాత ఏరియేటర్లు పెరిగాయి, తీగ పెరగలేదు. సాయంత్రం ఎనిమిదీ తిరుగుతుండగా తీగ తొడుగు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనానికి కూడా మీటరు తిరుగుతోంది. 26 ఆంపియర్ల దగ్గర ఒక్కో తీగ నిరోధం 0.94 ఓమ్ పెట్టి లెక్కేస్తే మూడు తీగల్లో కలిపి 1.9 కిలోవాట్లు వేడిగా పోతోంది. పాతిక మంది పని గట్టు మీద గాలిని వెచ్చబెట్టడానికి ఖర్చవుతోంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 415 వోల్టులుంటే గుంట చివర 380 చూపించింది. మోటార్లు మాటిమాటికీ కాలి రీవైండింగ్‌కు పోవడానికి కారణం కూడా అదే.

25 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించాం. నష్టం అర కిలోవాటు లోపుకు దిగింది. పంటకు దాదాపు 1,700 యూనిట్లు మిగలాలి, అంటే 7,000 రూపాయలు. దానికంటే పెద్ద లాభం, ఆ తర్వాతి పంటలో ఒక్క మోటారు కూడా రీవైండింగ్‌కు పోలేదు.

రెండోది సమయం. మధ్యాహ్నం పూట ఎండ బాగా ఉన్నప్పుడు నీటిలో డీఓ అవసరానికి మించే ఉంటోంది, అయినా భయంతో అన్నీ తిప్పుతున్నారు. డీఓ మీటరు కొనిపించి, పదకొండు నుంచి నాలుగు దాకా నీళ్లు కదలడానికి రెండు మాత్రం ఉంచి మిగతావి ఆపమన్నాను. మబ్బు పట్టిన రోజు, నాచు చచ్చి నీళ్ల రంగు మారిన రోజు ఈ పద్ధతి పనికిరాదు, అన్నీ తిప్పాల్సిందే. ఆ నిర్ణయం గట్టు మీద ఉన్నవాడే తీసుకోవాలి. రెండు మార్పులూ కలిపి రోజుకు 200 యూనిట్లు 160 దగ్గరకు వచ్చాయి.

చెక్ ట్రే దగ్గర కుర్రాడు

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది మోటార్లలో లేదు. గుంట మీదున్న ఇద్దరిలో చిన్నవాడు మేత చల్లిన రెండు గంటలకు చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో ఉంచే పళ్లెం) పైకి లాగి చూస్తాడు. ట్రేలో మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, మీసం రంగు మారిందా, పొట్టు మెత్తగా ఉందా అని చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాడు. ఐదు నిమిషాల పని. ఒకరోజు ట్రేలో మేత మిగిలింది. రొయ్యలు పొట్టు విడిచే సమయమని గుర్తుపట్టి, యజమానికి ఫోన్ చేసి సాయంత్రం మేతలో ఒక బస్తా తగ్గించాడు.

25 కిలోల బస్తా కిలో 90 చొప్పున 2,250 రూపాయలు. ఆ రోజు మొత్తం కరెంటు 800. ఐదు నిమిషాల చూపుకు 240 మంది కండబలం ఖర్చుకు దాదాపు మూడు రెట్లు మిగిలింది. ఆ బస్తా నీళ్లలో పడి ఉంటే కుళ్లి ఆక్సిజన్ తినేది, రాత్రి ఇంకో గంట ఎక్కువ ఏరియేటర్లు తిప్పాల్సి వచ్చేది. ఈ పంటలో మేత ఖర్చు 10 లక్షలు, కరెంటుకూ డీజిల్‌కూ కలిపి అయినదానికి తొమ్మిది రెట్లకు పైనే. ఆ 10 లక్షలను కాపలా కాస్తున్నది ఆ కుర్రాడి కన్ను.

మరి అతనికి ఇస్తున్నది ఏమిటి? బస్తాలు మోసే మనిషికి ఇచ్చే జీతం. మేత కట్టలు ఎత్తుతాడు కాబట్టి, జనరేటర్‌లో డీజిల్ పోస్తాడు కాబట్టి 15,000. అతను కండతో చేసే పనిని మోటారు ఆరు రూపాయలకు చేసిపెడుతుంది. మోటారు చేయలేనిది అతను చూసి తీసుకునే నిర్ణయం, దానికి లెక్కల పుస్తకంలో గడే లేదు. ఇంధనం చవకైన కొద్దీ మనిషి చౌకైపోతాడని చాలామంది అనుకుంటారు. ఈ గుంట దగ్గర నేను చూసింది వేరు. ఇంధనం మోత పనిని తీసేసుకున్నకొద్దీ మిగిలిన మనిషి చేతిలో ఉన్న సొమ్ము పెరుగుతోంది. ఒక్క కుర్రాడి మాట మీద లక్షలు నిలబడుతున్నాయి. అతని జీతం మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది. ఇది అతనికి అన్యాయమే, యజమానికి ప్రమాదం కూడా. అలాంటి కుర్రాడు పక్క గుంటవాళ్లు రెండు వేలు ఎక్కువిస్తామంటే వెళ్లిపోతాడు, వెళ్లిపోయాక ఏం పోయిందో పట్టుబడి రోజు దాకా తెలియదు.

అందుకే నా రిపోర్టులో తీగ, డీఓ మీటరుతో పాటు మూడో సిఫార్సు రాశాను: పంట మొదట్లో మేత నిష్పత్తికి ఒక లక్ష్యం పెట్టుకుని, కిలో రొయ్యకు 1.4 కిలోల మేత కంటే ఎంత తగ్గితే ఆ మిగులులో నాలుగో వంతు గట్టు మీదున్న ఇద్దరికీ ఇవ్వాలి. రొయ్యల సైజు తగ్గకుండా కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) షరతు పెట్టాలి, లేకపోతే మేత ఎగ్గొట్టి లక్ష్యం అందుకోవచ్చు. ఎనర్జీ ఆడిటర్‌కు జీతాల సంగతి ఎందుకని కొడుకు నవ్వాడు. లెక్క చూపించాను. నిష్పత్తి 1.4 నుంచి 1.3కు దిగితే 8 టన్నుల మీద 800 కిలోల మేత, 72,000 రూపాయలు. ఇద్దరికీ 18,000 పోయినా యజమానికి 54,000 మిగులుతుంది. తీగ, ఏరియేటర్ల సమయం రెండూ కలిపి కరెంటులో మిగిల్చింది అందులో సగానికి కూడా రాదు.

ఇప్పుడున్న స్థితి

తీగ మారింది, ఏరియేటర్ల టైమింగ్ మారింది. మేత వాటా ఒక పంటకు చూద్దామని ఒప్పుకున్నారు, నిష్పత్తి 1.4 కిందికి వచ్చింది, కుర్రాళ్లిద్దరికీ డబ్బు చేతికి అందింది. ఇద్దరూ తర్వాతి పంటకు కూడా ఉన్నారు.

సోలార్ పెట్టమంటారా అని అడిగారు. కిలోవాటు ప్యానెల్ మన ఎండకు రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఇప్పుడు వాడుతున్న 160 యూనిట్లకు 40 కిలోవాట్లు కావాలి. చిక్కేమిటంటే ఏరియేటర్లకు ఎక్కువ పని రాత్రి, ప్యానెళ్లకు పగలు. బ్యాటరీల ధరతో ఈ గుంటకు లెక్క కుదరదు, గ్రిడ్‌కు పగలు ఇచ్చి రాత్రి తీసుకునే ఏర్పాటు ఉంటేనే ఆలోచించమన్నాను. ఈ గుంట మోయగలిగినంత వరకే ఖర్చు పెట్టమని కూడా చెప్పాను, ఎందుకంటే కొడుకు దృష్టి అప్పటికే పక్కనున్న ఇంకో నాలుగెకరాల గుంట లీజు మీద ఉంది.

పెద్దాయన ప్రశ్నకు నేనిచ్చిన జవాబు రిపోర్టులో ఇలా ఉంది: వరిలో డబ్బు ఊరు దాటి పోతున్న మాట నిజం, దేశానికి కావలసిన ముడి చమురులో ఐదింట నాలుగు వంతులకు పైగా బయటి నుంచే వస్తోంది కాబట్టి డీజిల్ డబ్బులో పన్నులు పోను చాలా భాగం దేశమే దాటుతోంది. ఆ డబ్బుకు బదులు మీకు మిగిలిన సమయం, గుంట రూపంలో వచ్చిన కొత్త ఆదాయం ఊళ్లోకే వచ్చాయి. అది కౌలు రూపంలో ఎవరికి పోతోంది, జీతాల రూపంలో ఎవరికి పోవడం లేదు అన్నది మీ చేతిలో ఉన్న విషయం. ఆయన అది చదివించుకుని, కౌలు మూడెకరాలకు ఈసారి పావు పుట్టి తగ్గించమని యజమానిని అడుగుతానన్నాడు. కోత ఖర్చు లెక్క కాగితం మీద రాసివ్వమంటే రాసిచ్చాను.

రెండో గుంట లీజుకు తీసుకునే ముందు చేయాల్సిన పనులు కొడుక్కి వరసగా చెప్పాను: ముందు ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, తర్వాత తీగ, తర్వాత చెక్ ట్రే చూడగల ఇంకో ఇద్దరు. మూడోది దొరకకపోతే మొదటి రెండూ ఉన్నా లీజు తీసుకోవద్దన్నాను.